మొదటి టెలిస్కోపుకి 6 అంగుళాల అద్దమా, 8 అంగుళాలదా?

అద్దం చేత్తో రుద్దుకుని టెలిస్కోపు కట్టాలనుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఇదే: 6 అంగుళాల ఎఫ్/8 చేయాలా, ఏకంగా 8 అంగుళాల ఎఫ్/6కి వెళ్లిపోవాలా? అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం ఫోకల్ లెంగ్త్, అది అద్దం వెడల్పుకి ఎన్ని రెట్లో చెప్పేదే ఎఫ్ పక్కన అంకె. రెండింటి ఫోకల్ లెంగ్తూ దాదాపు 1200 మిల్లీమీటర్లే. గొట్టం పొడవు కూడా ఇంచుమించు అంతే, 10 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే ఏదైనా 120 రెట్లే. దాంతో ఎలాగూ చేస్తున్నాం కదా, పెద్దదే చేసేద్దాం అనిపిస్తుంది.

వెలుగులో 8దే పైచేయి, అందులో వాదనేం లేదు. దాదాపు 1.8 రెట్లు ఎక్కువ పోగు చేస్తుంది. ఎం13 లాంటి తారాగుచ్ఛంలో చుక్కలు ఇంకా లోపలిదాకా విడివిడిగా కనిపిస్తాయి, వేసవి రాత్రుల్లో దక్షిణాన కనిపించే ఒమేగా సెంటారీ అనే తారాగుచ్ఛం సంగతైతే చెప్పక్కర్లేదు. కానీ ఇదంతా ఊరి బయట చీకటి దొరికేవాళ్లకి. హైదరాబాదులో మేడ మీద నుంచి గెలాక్సీలు వెతికితే 8తోనూ పెద్దగా ఒరిగేదేం లేదు. చంద్రుడు, గురుడు, శని 6లోనే బ్రహ్మాండంగా ఉంటాయి.

ఇక రుద్దుడు. 6కి మధ్యలో గుంట లోతు 1.2 మి.మీ., 8కి 2.1. ఇంతేనా అనుకోవద్దు, వెడల్పు కూడా పెరిగింది కాబట్టి తీసేయాల్సిన గాజు మూడింతలు దాటుతుంది. అయినా అది ఒంటి శ్రమే, 80 నంబరు కార్బొరండం పొడి, ఓపిక ఉంటే అయిపోతుంది.

నా దృష్టిలో అసలు పేచీ పాలిష్ దగ్గరే. రుద్దుడుతో అద్దం గోళాకారానికి వస్తుంది, మనకి కావాల్సింది పారాబొలా, అంటే వెలుగునంతా ఒకే బిందువుకి చేర్చే వంపు. 6 ఎఫ్/8లో ఈ రెండిటికీ తేడా ఎంత తక్కువంటే, శుభ్రమైన గోళం దగ్గరే ఆపేసినా దోషం కాంతి తరంగదైర్ఘ్యంలో సుమారు పావు వంతు, కంటితో చూడటానికి పనికొస్తుంది. 8 ఎఫ్/6లో అదే దోషం మూడింతలు, పారాబొలా చేయక తప్పదు. అంటే చీకటి గదిలో అద్దం నిలబెట్టి, ఎనిమిది అడుగుల దూరంలో సన్నటి చీలిక వెనక ఎల్ఈడీ, పక్కన బ్లేడు పెట్టుకుని, అద్దం మీద పడే నీడల్ని చదవాలి. ఫూకో పరీక్ష అనే ఈ పద్ధతి ఎంత సున్నితమంటే, బొటనవేలు కాసేపు ఆనించి తీస్తే చాలు, ఆ వేడికి గాజు ఉబ్బి అక్కడ గుట్టలా కనిపిస్తుంది. అందుకే కాసేపు పాలిష్ చేయడం, గాజు చల్లబడేదాకా ఆగడం, మళ్లీ చూడటం, ఎక్కడైనా ఎక్కువ తీసేస్తే మళ్లీ గోళం దాకా వెనక్కి రావడం. నీడలు చదవడమే రానివాళ్లకి మొదటి అద్దంతోనే ఈ టెన్షన్ ఎందుకు? పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా పెట్టిన వర్క్‌షాపుల్లాంటి చోట, తెలిసినవాళ్లు పక్కనుంటే వేరే మాట. లేకపోతే 6 చేయండి, దాని మీద నీడలు నేర్చుకోండి. గొట్టంలో అద్దాల అలైన్‌మెంట్ కాస్త అటూ ఇటూ అయినా ఎఫ్/8 ఓర్చుకుంటుంది, అదో సుఖం.

నాలుగున్నర అంగుళాలది అంత కష్టపడి చేయదగ్గది కాదు. 10 అంగుళాలది ఇప్పుడే వద్దు. రుద్దే ఓపికే లేదు, ఆకాశం చూడటమే కావాలి అంటారా, తయారైన 8 అంగుళాల పారాబొలా అద్దం కొని ప్లైవుడ్‌తో డాబ్సోనియన్ స్టాండు (గొట్టాన్ని చేత్తో పక్కలకీ, పైకీ కిందకీ తిప్పుకునే పెట్టె లాంటిది) కట్టుకోండి. అప్పుడు నేనూ 8 అనే అంటాను.