వీకెండ్ జియోటెక్ క్లాసులు: పాఠం సూపర్, ల్యాబ్ మాత్రం దండగ

పేరు చెప్పను గానీ హైదరాబాద్‌లో మూడు నెలల వీకెండ్ జియోటెక్ (అంటే మట్టి ఇంజనీరింగ్) కోర్సు చేశా, మట్టి కట్టల స్టెబిలిటీ మీద. బీటెక్‌లో ఈ సబ్జెక్ట్ బట్టీ కొట్టి గట్టెక్కినోణ్ణే నేను, అందుకే చేరా.

సార్ చెప్పడం మాత్రం కేక అండి. ఫస్ట్ క్లాస్‌కే టిఫిన్ డబ్బాలో తడి నల్లరేగడి తెచ్చి, గాజు పలక మీద అరచేత్తో 3 మిల్లీమీటర్ల తాడులా పేనమన్నాడు, అది విరిగిపోవడం మొదలైన చోట ఉండే తేమే ప్లాస్టిక్ లిమిట్ అన్నాడు, నాలుగేళ్లు చదివినా ఎక్కనిది పది నిమిషాల్లో ఎక్కింది. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది కదా, కట్ట మీదుగా నీళ్లు పొర్లితే మట్టి ఎందుకు ఆగదో దాంతోనే చెప్పాడు. చెరువు నీళ్లు ఒక్కసారిగా దించేస్తే నీళ్ల వైపు వాలు ఎందుకు జారుతుందంటే, బయట నీటి ఆసరా పోతుంది గానీ కట్టలో నానిన నీళ్లు అంత తొందరగా బయటికి రావు, ప్రెషర్ అలాగే ఉండిపోతుంది. ఈ ముక్క మా కాలేజీలో ఎవరూ చెప్పలా!

ల్యాబ్ అంటారా, మట్టి బలం కొలిచే ట్రయాక్సియల్ మెషిన్ మూడు నెలలూ "రిపేర్‌లో ఉంది" అన్నారు, మట్టిని దట్టించి పరీక్షించే ప్రాక్టర్ అచ్చు ఒక్కటే, దానికి ఇరవై మందిమి క్యూ. ఫీజులో ల్యాబ్ ఛార్జీలు మాత్రం ముందే లాగేశారు, అడిగితే రిసెప్షన్ వాళ్లు నవ్వుతారంతే. 5కి 3.