చర్చిలో బలిపీఠం వెనుక ఏది: అచ్చు పటమా, చేతి బొమ్మా?

అచ్చు పటం వారంలో గోడకెక్కుతుంది. కానీ నాలుగడుగుల వెడల్పుకు అంగుళానికి 150 చుక్కల లెక్కన 7,200 పిక్సెళ్లు కావాలి. నెట్‌లో దొరికిన చిన్న ఫైలును సాగదీస్తే ముందు చెడేది క్రీస్తు కళ్లే. కనుపాప అంచు చెదిరిపోతుంది, చూపులో ప్రాణం ఉండదు. డై ఇంకు (రంగు కరిగి ఉండేది) వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది, పిగ్మెంట్ ఇంకే (రంగు పొడితో చేసేది) అడగండి. సండేస్కూలు గదికి ఇది చాలు.

అందరూ మోకరించే చోట మాత్రం, చిన్నదైనా సరే, చిత్రకారుడి చేతి బొమ్మే ఉండాలి. దానికి నెలలు పడుతుంది. చెక్క మీద ఐకాన్ (సంప్రదాయ పవిత్ర చిత్రం) అయితే జిగురు, సుద్దపొడి కలిపిన పూత ఎనిమిది పదిసార్లు వేసి, నున్నగా రుద్దాకే గుడ్డు పచ్చసొనతో కలిపిన రంగులు వేస్తారు. తొందరపెడితే పూత పగులుతుంది.

రంగులు పడ్డాక "ముఖం మార్చండి" అంటేనే గొడవలు. అందుకే పూర్తి సైజు బొగ్గు స్కెచ్‌ను ఆ గోడకే ఆనించి, చివరి బెంచీ నుంచి చూసి ఒప్పుకోండి. డబ్బు మూడు వాయిదాల్లో ఇవ్వండి: మొదట్లో, స్కెచ్ ఖాయమయ్యాక, అప్పగించాక. "దేవుని పనే కదా, తగ్గించు" అనకండి, అది చిత్రకారుడి కూలి. కాపీరైట్ ఎవరిదో కూడా కాగితం మీద రాసుకోండి. ఆయిల్ బొమ్మయితే చివరి వార్నిష్ ఆరు నెలల నుంచి ఏడాది ఆగాకే వేయించాలి.