ఆల్-మౌంటెన్ స్కీలు: 88 మేలా, 98 మేలా? ఎంత పొడవు, బైండింగ్ ఎక్కడ?

సొంత స్కీలు కొనాలి అనుకోగానే అందరూ అడిగేది "ఏ బ్రాండ్ మంచిది?" అని. కొండ మీద తేడా తెలిసేది మాత్రం వేరే మూడు విషయాల్లో: నడుము వెడల్పు, పొడవు, బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే భాగం) బిగించే చోటు. ఈ మూడూ కుదిరితే పెద్ద కంపెనీల్లో ఏదైనా ఫర్వాలేదు. కుదరకపోతే ఎంత పేరున్న స్కీ అయినా రెండో ఏడాదికి అటకెక్కుతుంది.

రెండు మూడు సీజన్లు అద్దె స్కీలతో నేర్చుకుని, బ్లూ రన్లు (మధ్యస్థాయి వాలులు) ధీమాగా దిగుతూ, అప్పుడప్పుడు బ్లాక్ (కష్టమైన వాలులు) వైపు తొంగిచూసేవాళ్ళ కోసం ఇది. అమెరికాలో నాకు తెలిసిన తెలుగువాళ్ళలో స్కీయింగ్ పట్టుకున్నవాళ్ళు చాలామంది ఈ మెట్టు మీదే ఉన్నారు. చిన్నప్పుడు మంచు ముఖం చూడకుండా, ముప్పై దాటాక మొదలుపెట్టినవాళ్ళు. బూట్లు ఇంకా అద్దెవే అయితే మాత్రం ముందు ఆ డబ్బు బూట్ల మీద పెట్టండి. మడమ లోపల కదులుతున్న బూటుతో ఏ స్కీ మంచిదో తేల్చడం ఎవరి వల్లా కాదు.

వెడల్పు

ప్రతి స్కీకీ మూడు సంఖ్యలు చెప్తారు: ముక్కు దగ్గర, పాదం కింద, తోక దగ్గర ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. మధ్యలో ఉన్నదే నడుము. ఆల్-మౌంటెన్, అంటే కొండ మీద అన్ని రకాల మంచుకీ పనికొచ్చేవి అన్న పేరుతో సుమారు 85 నుంచి 105 దాకా అమ్ముతారు గానీ, మనలాంటివాళ్ళు తేల్చుకోలేక కొట్టుకునేది 88కీ 98కీ మధ్యే. బ్లిజర్డ్ బ్రామా 88 మొదటి వైపు, సాలమన్ క్యూఎస్‌టీ 98 రెండో వైపు అనుకోండి. వోల్క్‌ల్ మాంత్రా ఎం6 కూడా 96తో రెండో వైపే.

పది మిల్లీమీటర్లంటే చిటికెన వేలి వెడల్పు కూడా లేదు, అంతలో ఏం తేడా వస్తుందిలే అనిపిస్తుంది. గట్టి మంచు మీద చాలా వస్తుంది. బూటు అడుగు ముందు భాగం వెడల్పు దాదాపు 69 మి.మీ. స్కీ నడుము దానికి దగ్గరగా ఉన్నంతసేపూ అంచు పాదం కిందే ఉన్నట్టు ఉంటుంది, కాలు కొద్దిగా వాల్చగానే మంచును కరుస్తుంది. నడుము పెరిగేకొద్దీ అంచు పక్కకు జరిగిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి చీలమండ, మోకాలు అదనంగా పని చేయాలి. ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి మారడం కూడా ఒక క్షణం ఆలస్యమవుతుంది. మెత్తటి మంచులో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ వెడల్పున్న స్కీ పైన తేలుతుంది, సన్నది లోపలికి దిగబడుతుంది.

కాబట్టి మీరు ఉండే ఊరిని బట్టే జవాబు. ఎడిసన్‌లో ఉంటూ వారాంతాల్లో పోకోనోస్‌లోని క్యామెల్‌బ్యాక్‌కో, క్యాట్‌స్కిల్స్‌లోని హంటర్‌కో వెళ్ళేవాళ్ళు ఎక్కువగా దిగేది యంత్రాలు చల్లిన మంచు మీద. పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంది. పొద్దున్న తొమ్మిదింటికి గ్రూమర్ యంత్రం గీసిన చారలతో ముచ్చటగా ఉంటుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి జనం గీకి గీకి కింద నున్నటి ఐస్ తేల్చేస్తారు. అక్కడ 88 మేలు, ఇందులో రెండో మాట లేదు. 82 కొన్నా తప్పు పట్టను. 98 తీసుకెళ్ళి ఆ ఐస్ మీద జారుతూ "నాకింకా రావట్లేదు" అని బాధపడేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. లోపం కాళ్ళలో లేదు.

సియాటెల్ వాళ్ళ కథ వేరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1998-99 సీజన్లో 1,140 అంగుళాలు, అంటే దాదాపు 29 మీటర్ల మంచు కురిసి ప్రపంచ రికార్డు అయింది. కురిసేది ఎక్కువే గానీ అది దూదిలాంటి మంచు కాదు. సముద్రం దగ్గర కాబట్టి తడి ఎక్కువ, బరువు ఎక్కువ. అక్కడివాళ్ళు దాన్ని కాస్కేడ్ కాంక్రీట్ అంటారు. టాహో వైపు సియెర్రా సిమెంట్ అంటారు. సన్న స్కీ అందులో ఇరుక్కుని మనిషిని ముందుకి తోసేస్తుంది. స్టీవెన్స్ పాస్, క్రిస్టల్ వెళ్ళేవాళ్ళకి 96 నుంచి 98 మేలు. డెన్వర్ వైపు మంచు పొడిగా, తేలిగ్గా ఉంటుంది. కానీ తుఫాను వచ్చిన పొద్దున్నే ఐ-70 హైవే మీద ట్రాఫిక్ దాటుకుని సెలవు పెట్టి వెళ్ళగలిగేవాళ్ళు ఎంతమంది? శనివారం వెళ్ళేసరికి ఆ పౌడర్ (కొత్తగా పడ్డ మెత్తటి మంచు) అంతా తొక్కుడైపోయి ఉంటుంది. అందుకే వాళ్ళకి 94 దగ్గర ఆగమంటాను.

గుల్మార్గ్‌లో గొండోలా రెండో దశ ఎక్కి అఫర్వత్ మీద నుంచి దిగాలన్న కోరిక ఉంటే అది వేరే లెక్క. పైన గ్రూమ్ చేయని మంచే, 98 కూడా చిన్నదనిపిస్తుంది. అక్కడ స్కీ వెడల్పు కంటే హిమపాతం ప్రమాదం, దారి తెలిసిన గైడ్ ముఖ్యం. దాని కోసం ఇక్కడ స్కీలు కొనొద్దు, అక్కడే అద్దెకి తీసుకోండి.

వెడల్పుతో పాటు చూడాల్సింది లోపలి లోహం. చెక్క గుండె మీద టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమం పలక వేస్తే స్కీ బరువెక్కుతుంది, స్పీడులో వణకదు. మాంత్రా, బ్రామా ఆ కోవకి చెందుతాయి. పూర్తి లోహపు పొర లేని క్యూఎస్‌టీ లాంటివి తేలిగ్గా తిరుగుతాయి, తప్పు చేస్తే క్షమిస్తాయి. 65 కిలోల లోపు ఉన్నవాళ్ళు, నిదానంగా దిగేవాళ్ళు లోహం జోలికి పోకపోవడమే మంచిది. ఆ స్కీ వంగాలంటే దాని మీద బరువైనా పడాలి, వేగమైనా ఉండాలి.

పొడవు

"చెయ్యి పైకెత్తితే ఎంత వస్తుందో అంత పొడవు స్కీ కొనాలి" అని పాతకాలం వాళ్ళు చెప్పే సలహా ఇప్పటికీ వినిపిస్తుంటుంది. అప్పట్లో రెండు మీటర్లు దాటిన స్కీలు మామూలే. 1993లో ఎలాన్ ఎస్‌సీఎక్స్ వచ్చి స్కీకి నడుము చిక్కిన ఆకారం ఇచ్చాక, పొట్టి స్కీ కూడా చక్కగా తిరగడం మొదలుపెట్టింది. 2002లో షేన్ మెకాంకీ అనే స్కీయర్ ఆలోచనతో వోలంట్ స్పాచులా వచ్చింది. పడవ అడుగులా మధ్యలో కిందికి, రెండు కొనలూ పైకి లేచిన స్కీ అది. ఆల్-మౌంటెన్ స్కీలకి ముక్కు ముందుగానే పైకి లేవడం, అంటే రాకర్, ఆ దారిలో వచ్చినదే. ముక్కు పైకి లేచి ఉన్న మేర గట్టి మంచును తాకదు. అందుకే స్టిక్కర్ మీద 179 అని ఉన్నా, చదును వాలు మీద అంతకంటే పొట్టి స్కీలా నడుస్తుంది.

ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషిని తీసుకుందాం, అంటే 173 సెం.మీ. నార్డికా ఎన్‌ఫోర్సర్ 94 కొనబోయాడు. 172 తీసుకోవాలా, 179 తీసుకోవాలా? షాపులో మొదట ఎత్తు అడుగుతారు. నేనైతే మొదట బరువు అడుగుతాను. స్కీకి మన ఎత్తు తెలీదు, పైన పడే బరువే తెలుసు. అదే ఎత్తులో 60 కిలోలుంటే 172 దాటొద్దు. 90 కిలోలుంటే 179 కంటే తగ్గొద్దు, లేకపోతే బరువైన మంచులో ముక్కు మునిగిపోతుంది. చిక్కంతా మధ్యలో 75 కిలోల వాళ్ళకే. హంటర్ లాంటి ఇరుకు వాలుల్లో, మోగల్స్‌లో (మంచు గుట్టల వరసల్లో), జనం మధ్య తిరిగేవాళ్ళయితే 172. పశ్చిమాన విశాలమైన బౌల్స్ (గిన్నెలా ఉండే కొండ వాలులు), లోతు మంచు, కొంచెం స్పీడు ఇష్టపడేవాళ్ళయితే 179.

భయపడి పొట్టిది తీసుకోవడం మనవాళ్ళలో ఎక్కువ. అద్దె షాపులో 160 ఇచ్చారు కదా, అదే అలవాటైందని సొంతానికి కూడా 163 కొంటారు. మరుసటి సీజన్లో ఆట కాస్త పెరగగానే స్పీడులో ముక్కులు టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది, పాదం కింద నిలకడ ఉండదు. రెండు సైజుల మధ్య ఊగిసలాడేవాళ్ళు స్కీ స్వభావం చూడాలి. లోహం ఉండి, గట్టిగా, రాకర్ తక్కువగా ఉంటే చిన్న సైజు. మెత్తగా, ముక్కు బాగా లేచి ఉంటే పెద్ద సైజు.

ఆడవాళ్ళ మోడల్స్ విషయంలో రంగు చూసి, పేరు చూసి నిర్ణయించకండి. మాంత్రాకి సీక్రెట్, ఎన్‌ఫోర్సర్‌కి శాంటా ఆనా అలాంటి జోడీలు. పొట్టి సైజులు దొరకడం వాటితో అసలు లాభం, కొన్నింట్లో బరువు కూడా తక్కువ. గట్టిగా స్కీ చేసే ఆవిడ 163 మాంత్రా తీసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు.

బైండింగ్ ఎక్కడ?

దీని గురించి షాపులో ఎవరూ అడగరు, అసలు విషయం ఇక్కడే ఉంది. స్కీ పైభాగంలో కంపెనీ ఒక గీత పెడుతుంది. బూటు పక్కన, సోల్ మధ్యలో ఇంకో గీత ఉంటుంది. రెండూ కలిసేలా బైండింగ్ బిగిస్తారు. ఆ గీత స్కీ సరిగ్గా నడిమధ్యలో ఉండదు. ముందుకి దూసుకెళ్ళడానికి చేసిన స్కీల్లో నడిమధ్య నుంచి 8 నుంచి 12 సెం.మీ. వెనక్కి ఉంటుంది. పార్కులో (గెంతడానికి దిబ్బలు కట్టిన చోట) గెంతుతూ వెనక్కి కూడా జారడానికి చేసిన స్కీల్లో మధ్యకి చాలా దగ్గరగా ఉంటుంది. ఈ రెండిటికీ మధ్యరకం ఇప్పుడు బాగా పెరిగింది, 6 సెం.మీ. అటూ ఇటూ.

లెక్క వేసి చూడండి. 178 సెం.మీ. స్కీకి గీత 10 సెం.మీ. వెనక ఉంటే, బూటు మధ్య నుంచి ముందుకి 99, వెనక్కి 79. ఇంకో స్కీ 184, దాని గీత 6 సెం.మీ. వెనక. ముందుకి 98, వెనక్కి 86. స్టిక్కర్ చూసి 184 పెద్దదనుకుంటాం. పాదం ముందున్న స్కీ చూస్తే నిజానికి ఒక సెంటీమీటర్ తక్కువ! పెరిగిందల్లా తోక. అందుకే 178 మాంత్రా కోవ స్కీ నుంచి 184 ట్విన్-టిప్‌కి (తోక కూడా ముక్కులా పైకి లేచిన స్కీకి) మారినవాళ్ళకి అది పొడుగ్గా అనిపించదు, మోగల్స్‌లో తోక తగులుతుందని మాత్రం విసుక్కుంటారు. పొడవు ఎంచుకునేటప్పుడు గీత ఎక్కడుందో అడగకుండా ఎంచుకుంటే సగం సమాచారంతో ఎంచుకున్నట్టే. టేపు పట్టుకుని తోక నుంచి గీత దాకా, గీత నుంచి ముక్కు దాకా తిన్నగా కొలవండి. స్టిక్కర్ మీద రాసిన పొడవుకీ టేపుకీ సెంటీమీటరో రెండో తేడా వస్తే కంగారు పడొద్దు, అది మామూలే.

మరి గీత మీదే పెట్టాలా, ఒక సెంటీమీటర్ జరపాలా? ముందుకి జరిపితే మలుపు తేలిగ్గా మొదలవుతుంది, చెట్ల మధ్య స్కీ చటుక్కున తిరుగుతుంది. లోతు మంచులో ముక్కు మునిగే ప్రమాదం పెరుగుతుంది. వెనక్కి జరిపితే తేలడం, స్పీడులో నిలకడ పెరుగుతాయి, కానీ మలుపు మొదలుపెట్టడానికి బద్ధకిస్తుంది. ఫోరాల్లో అరసెంటీమీటర్ కోసం గంటలు గంటలు వాదించుకుంటారు. బ్లూ రన్లు దిగేవాళ్ళకి గీతే మేలు. కంపెనీ స్కీ వంపు, నడుము, బిరుసు అన్నీ ఆ గీతను మనసులో పెట్టుకునే చేస్తుంది. స్కీ బద్ధకంగా ఉందని రెండు సెంటీమీటర్లు ముందుకి జరపడం కంటే, ఒక సైజు తగ్గించడమో, గీత మధ్యకి దగ్గరగా ఉన్న వేరే స్కీ తీసుకోవడమో నయం.

సందేహం తీరనివాళ్ళకి ట్రాక్ బైండింగ్ ఉంది. డెమో బైండింగ్ అని కూడా అంటారు. పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఇంట్లో ఇంకొకరి బూటుకి కూడా సర్దుకోవచ్చు. కాస్త బరువు ఎక్కువ, అంతే. భార్యాభర్తలు ఒకే జత పంచుకుంటే ఇది కచ్చితంగా మేలు. లేకపోతే నేరుగా స్కీలోకి స్క్రూలు దిగే మామూలు బైండింగే బాగుంటుంది, ఎందుకంటే అది తేలిక.

బిగించే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. షాపు బల్ల దగ్గర నిలబడి చూడండి, అడ్డు చెప్పరు. స్కీని బిగించి, జిగ్ అనే చట్రాన్ని బూటు సోల్ పొడవుకి సర్ది, గీత మీద కూర్చోబెడతారు. డ్రిల్ బిట్‌కి ఆపే అంచు ఉంటుంది, తొమ్మిది మిల్లీమీటర్లు దాటి లోపలికి దిగదు. స్కీ మీద "4.1 × 9" అని చిన్న అక్షరాలతో రాసి ఉంటే లోపల లోహం ఉందని అర్థం. లోహం లేనివాటికి 3.5 బిట్ వాడతారు. రంధ్రంలో జిగురు వేసి స్క్రూ దించుతారు. తర్వాత మీ బరువు, ఎత్తు, వయసు, సోల్ పొడవు, ఎంత దూకుడుగా దిగుతారో చూసి, ఐఎస్ఓ 11088 పట్టిక ప్రకారం బైండింగ్ ఎంత బలానికి ఊడాలో సెట్ చేస్తారు. అక్కడ గొప్పకి పోయి "నేను ఎక్స్‌పర్ట్‌ని" అని చెప్పకండి. ఊడాల్సినప్పుడు బైండింగ్ ఊడకపోతే ఆ బలమంతా మోకాలి మీదే పడుతుంది. బ్రేక్ వెడల్పు కూడా అడగండి. 96 నడుముకి 100 బ్రేక్ సరిపోతుంది. 120 పెడితే మలుపులో మంచుకి తగులుకుంటుంది.

మార్చి, ఏప్రిల్లో డిస్కౌంట్లు, వాడిన స్కీలు బాగా దొరుకుతాయి. వాడినవి కొంటే రంధ్రాలు లెక్కపెట్టండి. కొత్త రంధ్రం పాతదానికి కనీసం ఒక సెంటీమీటర్ ఎడంగా పడాలని షాపులు చూస్తాయి. ఇప్పటికే రెండు సార్లు బిగించి ఉంటే మీ బూటుకి గీత మీద చోటు దొరక్కపోవచ్చు. అమ్మేవాళ్ళని వాళ్ళ బూటు సోల్ పొడవు అడగండి. అది బూటు మడమ పక్కన మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది, 305, 315 అలా. మీదీ దానికి దగ్గరగా ఉంటే చాలా బైండింగుల్లో మడమ ముక్కని కొద్దిగా జరిపితే సరిపోవచ్చు, బలం సెట్టింగ్ మాత్రం షాపులో మళ్ళీ చేయించుకోవాలి. తేడా ఎక్కువైతే మళ్ళీ డ్రిల్లింగ్ ఖర్చు కూడా కలిపి బేరమాడండి.