స్పారింగ్‌లో ముందు కాలా, వెనక కాలా: ఏది మేలు?

జిల్లా సెలక్షన్లు దగ్గరపడ్డాయంటే నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఏ ఊరి తైక్వాండో క్లాసుకెళ్లినా సాయంత్రమంతా ప్యాడ్ (కిక్కులు కొట్టడానికి చేత్తో పట్టుకునే మెత్త) మీద వెనక కాలి చప్పుడే. ఆగకుండా నూరు కిక్కులు కొట్టే పిల్లలే మ్యాట్ ఎక్కాక రౌండ్ మొత్తంలో నాలుగు సార్లు కాలెత్తి, ఆ నాలుగూ ఎదుటివాళ్ల మోచేతికి తగిలించి దిగివస్తారు. కాలిలో బలం లేక కాదు. ప్యాడ్ ఎప్పుడూ మన కాలికి అనువైన వైపే నిలబడుతుంది. మనిషి అట్టా నిలబడడు.

ముందు పాయింట్ల సంగతి. వరల్డ్ తైక్వాండో రూల్స్‌లో చెస్ట్ గార్డ్ మీద పంచ్‌కి 1, కిక్‌కి 2, తలకు కిక్‌కి 3, ఒళ్లు గిర్రున తిప్పి కొట్టే కిక్ అయితే ఒంటికి 4, తలకు 5. ముందు కాలితో కొట్టినా వెనక కాలితో కొట్టినా ఈ లెక్క మారదు. వెనక కాలు గట్టిగా తగిలిందని ఎక్కువ ఇవ్వరు. మరి ఎంచుకోవడం దేన్ని బట్టి?

ఎదుటివాళ్ల బొడ్డు ఎటు చూస్తోందో దాన్ని బట్టి. స్పారింగ్‌లో, అంటే ఎదురెదురుగా తలపడేటప్పుడు, ఇద్దరూ పక్కకు తిరిగి నిలబడతారు. ఇద్దరికీ ఎడమ కాలే ముందుంటే అది మూసిన స్టాన్స్ (నిలబడే తీరు). అప్పుడు అవతలి మనిషి బొడ్డు మన ఎడమవైపు తిరిగి ఉంటుంది, కాబట్టి మన ఎడమ కాలు, అంటే ముందు కాలే, తిన్నగా పొట్టమీదికి పోతుంది. ఇక్కడ వెనకున్న కుడి కాలు లేపితే అది వీపు వైపు నుంచి వస్తుంది. దారిలో భుజం, మోచెయ్యి అడ్డం. అవి దాటినా తగిలేది వెన్నెముక దగ్గర, అక్కడ పాయింటే లేదు. మనకు ఎడమ, వాళ్లకు కుడి కాలు ముందుంటే అది తెరిచిన స్టాన్స్. బొడ్డు మన కుడివైపుకొస్తుంది, కుడి కాలు, అంటే వెనక కాలు, పొట్టను చూస్తుంది. బొడ్డు ఎటుంటే ఆ పక్క కాలు, అంతే. ఏళ్ల తరబడి ప్యాడ్ కొట్టినవాళ్లకు కూడా చాలామందికి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పి ఉండరు.

ఇక ఒక్కో కాలి గుణం. ముందు కాలు అవతలివాళ్లకు దగ్గరగా ఉంటుంది, కొద్ది దూరమే పోవాలి, కళ్లకు ఆలస్యంగా కనబడుతుంది. మోకాలు మడిచి పైకెత్తి పాదం అడుగుతో తోసే కట్ కిక్ కూడా ఈ కాలిదే. మీదికొచ్చేవాళ్లను ఆపడానికి అంతకంటే మంచిది లేదు. పొడుగు కాళ్ల పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి. దెబ్బ తేలిక కావడమే దీని లోపం. వెనక కాలికి తుంటి తిరిగిన ఊపంతా తోడవుతుంది, దెబ్బ బరువుగా దిగుతుంది, ఒక అడుగు దూరం ఎక్కువ అందుకుంటుంది. కానీ అంత దారి నడిచి రావాలి. ఆలోపు అవతలివాళ్లు వెనక్కి తిరిగి బ్యాక్ కిక్ పెట్టారంటే మన 2 రాకపోగా వాళ్లకు 4.

గార్డును బట్టి కూడా లెక్క మారుతుంది. ఎలక్ట్రానిక్ చెస్ట్ గార్డ్‌లో సాక్సులోని సెన్సార్ తగలాలి, దెబ్బ ఆ వెయిట్ కేటగిరీకి పెట్టిన బలం దాటాలి. ముందు కాలితో చీమ కుట్టినట్టు తాకిస్తే బోర్డు కదలదు. మామూలు ఎరుపు, నీలం గార్డులతో, మూలల్లో కూర్చున్న జడ్జీలు బటన్ నొక్కే పోటీల్లో చప్పుడుకూ ఊపుకూ విలువ ఎక్కువ. ముగ్గురు జడ్జీలుంటే ఇద్దరి కంట్లోనైనా పడాలి. అక్కడ వెనక కాలికే మొగ్గు. ఏ గార్డులు వాడతారో నిర్వాహకులను ముందే అడిగి ఆఖరి రెండు వారాల సాధన దాన్ని బట్టి మార్చుకోవడం తెలివి.

వెనక కాలు ఎక్కడ చెడుతుందో చూడండి. నూటికి తొంభై మందిలో తప్పు లేచే కాలిది కాదు, నేలమీది కాలిది. మోకాలు నడుము ఎత్తుకు వచ్చేసరికి నిలిచిన పాదం మునివేళ్ల మీద తిరిగి, మడమ ఎదుటివాళ్ల వైపు చూడాలి. మడమ తిరగకపోతే తుంటి తాళం వేసినట్టు ఆగిపోతుంది. పాదం పైభాగానికి బదులు ముంగాలి ఎముక తగులుతుంది. మెలికంతా మోకాలి మీద పడి నెల తిరిగేసరికి లోపలివైపు నొప్పి మొదలవుతుంది. రెండో తప్పు, మోకాలిని తిన్నగా ముందుకు తేకుండా కాలిని పక్క నుంచి చీపురుతో ఊడ్చినట్టు తిప్పడం. దీనికి మందు గోడ. గోడకు ఒక అడుగు దూరంలో, గోడ మన కొట్టే కాలి పక్కనే ఉండేలా నిలబడి మోకాలు లేపండి. మోకాలు గోడకు తగిలితే ఊడుస్తున్నట్టే. తగలకుండా పైకొచ్చిన చోట 5 సెకన్లు ఆపి దించాలి, ఒక్కో కాలికి 10 సార్లు, వారానికి నాలుగు రోజులు.

ముందు కాలి తప్పులు వేరు. బరువు ముందు పాదం మీద ఉండిపోతుంది. కాలు లేపాలంటే ముందు వెనక్కి ఊగాలి, ఆ ఊగుడు చూసి ఎదుటివాళ్లు జరిగిపోతారు. అందుకే నిలబడినప్పుడు బరువు సగం సగం ఉంచాలి. వెనక పాదం జారుతూ ముందు పాదం ఉన్న చోటికి రావాలి, ముందు మోకాలు సరిగ్గా అదే క్షణంలో లేవాలి. పాదం ముందొచ్చి మోకాలు తర్వాత లేస్తే అది రెండు లెక్కలు, పాయింట్ పోయినట్టే. నేలమీద రెండు పాదాల దగ్గరా చాక్‌పీస్‌తో గీతలు గీసి, వెనక పాదం ముందు పాదం గీతను తాకిన చప్పుడూ ప్యాడ్ చప్పుడూ ఒకటిగా వినబడేదాకా చేయించాలి. ఇంకో జబ్బు, ఒళ్లు మరీ వెనక్కి వాల్చడం. తుంటి ముందుకు పోదు, దెబ్బలో పస ఉండదు. జారి పడితే గమ్‌జమ్, అంటే తప్పుకు శిక్షగా అవతలివాళ్లకు 1 పాయింట్. కాలు గాల్లో పెట్టుకుని 3 సెకన్లు దాటించి అడ్డుకున్నా, నడుము కింద తన్నినా, మోకాలితో కిక్ ఆపినా అదే శిక్ష. ఒకే రౌండ్‌లో అయిదు గమ్‌జమ్‌లు పడితే ఆ రౌండే పోతుంది. కట్ కిక్ మీద మోజు పెరిగిన పిల్లలు ఇక్కడే నష్టపోతారు.

ఏది ముందు నేర్పాలంటే, మొదటి మూడు నాలుగు నెలలు వెనక కాలే. తుంటి తిరగడం అక్కడే ఒంటికి పడుతుంది. తుంటి తిరగని పిల్లలకు ముందు కాలు నేర్పితే జీవితాంతం తాకుడే గానీ కొట్టుడు రాదు. ఆ తర్వాత మాత్రం సాధనలో మూడింట రెండు వంతులు ముందు కాలికి ఇవ్వాలి. 3 రౌండ్లలో 2 గెలిస్తే మ్యాచ్ అయిపోయే పద్ధతిలో ఒకటి రెండు పాయింట్ల తేడా చాలు, ఆ తేడాను తక్కువ అపాయంతో తెచ్చేది అదే. పొట్టివాళ్ల సంగతి వేరు. ఎదుటివాళ్ల పొడుగు కాలి కట్ కిక్ అడ్డొస్తే పొట్టివాళ్ల ముందు కాలు అందదు. వచ్చిన కాలిని ముంజేత్తో కిందికి కొట్టి (పట్టుకుంటే గమ్‌జమ్), లోపలికి దూరి, పంచ్ పెట్టి, విడిపోయేటప్పుడు వెనక కాలు వెయ్యాలి.

రెండింటినీ కలిపే చోటొకటి ఉంది. తెరిచిన స్టాన్స్‌లో కుడి వెనక కాలితో కొట్టి ఆ కాలిని ముందువైపే దించారనుకోండి. ఇప్పుడు ఇద్దరికీ కుడి కాలే ముందు, స్టాన్స్ మూసుకుంది. వాళ్ల బొడ్డు మాత్రం ఇంకా మన కుడివైపే. అంటే అదే కాలు మళ్లీ లేపొచ్చు, ఈసారి ముందు కాలిగా, వెనక పాదం జార్చుకుంటూ. అందరూ రెండో కిక్‌కి అలవాటుగా ఎడమ కాలు లేపి మోచేతిని కొడతారు. కాలు నేలకు ఆనేటప్పుడు చేతులు జారకూడదు. "చెయ్యి పైకి అబ్బయ్యా!" అని కోచ్ అరిచేది ఎక్కువగా ఈ క్షణంలోనే.

సాధన చేసే చోటు కూడా కాలిని బట్టే. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఇసుక మీద చేయించడం మనవైపు కోచ్‌లకు సరదా. తడిసి గట్టిపడిన ఇసుకలో స్టెప్పులకూ గెంతులకూ పిక్క బాగా గట్టిపడుతుంది. వెనక కాలి రౌండ్ కిక్ (తుంటి తిప్పి పక్క నుంచి కొట్టేది) మాత్రం అక్కడ వద్దు. పాదం ఇసుకలో దిగబడి తిరగదు, మోకాలు తిరుగుతుంది. డాబా మీద సిమెంటు గచ్చు మునివేళ్ల కింద చర్మం లేపేస్తుంది, మ్యాట్ లేకుండా తిప్పుళ్లు చేయించకండి. ఎండాకాలంలో పొద్దున 7 లోపల ముగించాలి. ఉక్కకు చెమట కారి మ్యాట్ జారుతుంది, ముందు కాలి సాధనలో పడిపోయేది ఎక్కువగా అందుకే. ప్రతి రౌండ్‌కీ గుడ్డతో తుడవాలి.

సెలక్షన్‌కు పది రోజుల ముందు ప్యాడ్ పక్కన పెట్టండి. జోడీ చెస్ట్ గార్డ్ వేసుకుని ఎదురుగా గెంతుతూ, చెప్పకుండా కాలు మారుస్తుండాలి. కొట్టేవాళ్లు మారిన అర సెకనులో సరైన కాలు లేపాలి, మెల్లగా తగిలినా పర్లేదు. 2 నిమిషాలు ఇది, 1 నిమిషం విరామం, ఇట్టా నాలుగు సార్లు. పదింట్లో మూడు కిక్కులు మోచేతికి తగులుతున్నాయంటే ఆ రోజుకి వేగం పెంచొద్దు. జోడీని కాలు మార్చి రెండు సెకన్లు ఆగమని చెప్పి, మళ్లీ మొదటి నుంచి.