గానుగ నూనె బాగుంది, సీసాలే ఎండలో ఉన్నాయి

మల్కాజిగిరిలో మా వీధి చివర ఉన్న గానుగ దుకాణంలో ఎనిమిది నెలలుగా నూనె కొంటున్నాను. ఇంటర్ పిల్లలకు ఇరవై ఆరేళ్లు కెమిస్ట్రీ చెప్పాను. అందుకే రుచితో పాటు లోపల ఏముందో కూడా చూస్తాను.

పల్లి నూనె చాలా బాగుంటుంది. చెక్క గానుగలో మన ముందే ఆడిస్తారు. మన పల్లీలు తీసుకెళ్తే ఆడించి, నూనె తీయగా మిగిలిన పల్లి చెక్క కూడా మనకే ఇచ్చేస్తారు. సంక్రాంతికి సకినాలు ఈ నూనెతోనే చేశాం. లీటరు 340 రూపాయలు, ప్యాకెట్ నూనె కంటే బాగా ఎక్కువ. ఆ వాసన కోసం నేనైతే ఇస్తాను.

గోడ మీద 'కొలెస్ట్రాల్ లేని నూనె, బరువు పెరగరు' అన్న బోర్డు మాత్రం నాకు నచ్చలేదు. గింజల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ లెక్కలోకి వచ్చేంత ఉండదు, ప్యాకెట్ నూనెలోనూ అంతే. ఇక బరువంటారా, గానుగదైనా రిఫైండ్ అయినా గ్రాముకు 9 కిలోకేలరీలు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఈ బోర్డు నమ్మి నాలుగు చెంచాలు ఎక్కువ పోసుకుంటారేమోనని నా బాధ.

డిసెంబరులో ఒకావిడ కొబ్బరి నూనె గడ్డకట్టిందని, కల్తీ అని వెనక్కి తెచ్చింది. అది కల్తీ కాదమ్మా అని నేనే చెప్పాను. ఏ నూనెలోనైనా ఉండేది ప్రధానంగా గ్లిసరాల్ అనే చిన్న అణువుకు అతుక్కున్న మూడేసి ఫ్యాటీ ఆసిడ్ (కొవ్వు ఆమ్లం) గొలుసులే. కొబ్బరి నూనెలో ఆ గొలుసుల్లో దాదాపు సగం లారిక్ ఆసిడ్ అనే రకం. అలాంటి సంతృప్త గొలుసులు, అంటే కార్బన్ల మధ్య డబుల్ బాండ్లు (జంట బంధాలు) లేనివి, తిన్నగా ఉంటాయి, చీపురు పుల్లల్లా దగ్గరగా సర్దుకుంటాయి. అందుకే 24 డిగ్రీల దగ్గరకు దిగితే చాలు, పేరుకుంటుంది.

కుసుమ నూనె దీనికి పూర్తిగా వేరు. అందులో ఎక్కువగా ఉండే లినోలిక్ ఆసిడ్‌లో రెండు డబుల్ బాండ్లు ఉంటాయి. అక్కడ గొలుసు వంగుతుంది, సర్దుకోలేదు, చలికాలంలోనూ పలచగానే ఉంటుంది. అయితే ఆ రెండు బాండ్ల మధ్య ఉన్న హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోతుంది, గాలిలోని ఆక్సిజన్ వచ్చి పట్టుకునేది అక్కడే, నూనె పాడయ్యేది అలాగే. వెలుతురు, వేడి తగిలితే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. అలాంటి నూనెను వీళ్లు తెల్ల గాజు సీసాల్లో పోసి, పడమటి ఎండ పడే అద్దాల అరలో పెట్టారు! మార్చిలో కొన్న అరలీటరు సీసా మూత తీయగానే ముక్క వాసన కొట్టింది.

వాపసు తీసుకెళ్తే యజమాని మారుమాట లేకుండా లోపలి స్టీలు డబ్బాలోంచి వేరే నూనె పోసిచ్చాడు. అది తాజాగా ఉంది. "అర మార్చు బాబూ" అంటే, "మెరుస్తూ కనబడితేనే కొంటారు మేడమ్" అన్నాడు. కనీసం రంగు సీసాలైనా పెట్టమని చెప్పి వచ్చాను. నిన్న వెళ్తే సీసాలు ఇంకా అక్కడే ఉన్నాయి. మీరు వెళ్తే స్టీలు క్యాన్ పట్టుకెళ్లి, లోపలి డబ్బాలోంచి పోయమనండి. కుసుమ నూనె అరలీటరుకు మించి తీసుకోకండి.