అనంతపురంలో ఎంబీఏ: ఫీజుకు తగ్గ పని నేర్పుతున్నారా?

ఐసెట్ ర్యాంకుతో చేరే రెండేళ్ల ఎంబీఏ ఇది. కాలేజీ బైపాస్ పక్కన ఉంటుంది, ప్రైవేటుది. పేరు అనవసరం.

మెచ్చుకోవాల్సింది అకౌంటింగ్. బీఎస్సీ చదివొచ్చిన పిల్లలకు కూడా మొదటి సెమిస్టర్ అయ్యేలోపు బ్యాలెన్స్ షీటు చదవడం వచ్చేస్తుంది. లైబ్రరీ ఫర్వాలేదు.

చిక్కల్లా ఉద్యోగం దగ్గర. ఇక్కడ ఎంబీఏలను తీసుకునేది ట్రాక్టర్ షోరూములు, సిమెంటు డీలర్లు, ఫైనాన్స్ కంపెనీలు, చెనిక్కాయల మిల్లులు, 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక పెరిగిన విడిభాగాల యూనిట్లు. చేరగానే చెప్పే పని చాలాచోట్ల ఒకటే, ఉద్దర బాకీల పట్టిక. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని బిల్లులను ఎక్సెల్‌లోకి దించి 30 రోజుల లోపువి, 60 లోపువి, 90 లోపువి, ఆపైవి అని విడగొట్టాలి. తెలిసినవాళ్లకు అరగంట పని. కొత్తవాళ్లు తేదీల దగ్గరే బోర్లా పడతారు. కంప్యూటర్ నెల ముందు, రోజు తర్వాత రాసే అమెరికా పద్ధతిలో ఉంటే రోజు 12 దాటిన తేదీలు అక్షరాలుగా మిగిలిపోతాయి, తీసివేత చేస్తే ఎర్రర్ వస్తుంది. అది నయం, కంటికి కనిపిస్తుంది. 12 లోపువి మాత్రం చప్పుడు లేకుండా తలకిందులవుతాయి. జూన్ 5 బిల్లు మే 6ది అయిపోతుంది, నెల ముందే డీలర్‌కు గట్టిగా ఫోన్ వెళ్తుంది. ఫైలు దించేటప్పుడే ఆ కాలమ్‌కు డీఎంవై (రోజు, నెల, సంవత్సరం) అని ఎంచాలి. ల్యాబులో ఈ ముక్క చెప్పేవాళ్లు లేరు.

జీఎస్టీ కూడా అంతే. శ్లాబులు బట్టీ పట్టిస్తారు. 14న వచ్చే 2బీని (మనకు సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) కొనుగోలు రిజిస్టర్‌తో సరిపోల్చి, 20 లోపు 3బీ (నెలవారీ పన్ను రిటర్ను) వేయడం చేయించరు. సరుకు పంపినవాడు మన 15 అక్షరాల జీఎస్టీ నంబరు బదులు వేరొకరిది కొట్టినా ఆ బిల్లు మన 2బీలో కనిపించదు, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు దక్కే మినహాయింపు) ఆగిపోతుంది. సరిచేయించడానికి వాడి వెంట పడాలి.

సెమినార్లన్నీ ఇంగ్లిషులోనే. వసూలుకు ధర్మవరం వెళ్తే మాట్లాడాల్సింది తెలుగు, హిందూపురం వైపు కన్నడం కూడా వస్తే మేలు. ఇక చివరి ప్రాజెక్టు జిరాక్స్ షాపులో ఎలా తయారవుతుందో అందరికీ తెలిసిందే.

చేరేముందు ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ చూసి మురిసిపోకండి. ట్యాలీ, ఎక్సెల్ ల్యాబు వారానికి ఎన్ని గంటలో, ఉద్యోగం వచ్చినవాళ్లలో ఆరు నెలల తర్వాత ఎంతమంది అక్కడే ఉన్నారో అడగండి.

ఐదుకు రెండున్నర. కన్వీనర్ కోటాలో సీటొస్తే చేరొచ్చు. మేనేజ్‌మెంట్ కోటాకు అప్పు చేసేంత సరుకు మాత్రం లేదు.