ఏడాదిన్నర ఆన్‌లైన్ థెరపీ: పనిచేసింది, కానీ డబ్బుల సంగతి ముందే చూసుకోండి

నాన్న పోయాక క్లాసులో పాఠం చెబుతుంటే గుండె దడ వచ్చేది. ఈసీజీ తీయించాను, ఏమీ లేదన్నారు. అలా మొదలైంది ఆన్‌లైన్ థెరపీ. ప్రతి బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు, 50 నిమిషాలు.

ముందు మాట్లాడే చోటే దొరకలేదు. మాది హనుమకొండలో రెండు గదుల ఫ్లాటు. హాల్లో అత్తయ్య సీరియల్ చూస్తుంటారు. సెల్లార్‌లో కారులో కూర్చుంటే సిగ్నల్ రాదు. చివరికి కారు గేటు బయట వేపచెట్టు కింద ఆపి, ఫోన్ స్టీరింగ్‌కి ఆనించి మాట్లాడటం అలవాటైంది. మొదట్లో వాచ్‌మన్ వచ్చి అద్దం తట్టేవాడు, "బండి స్టార్ట్ అయితలేదా మేడం?" అని.

యాప్ వాళ్లు మొదట ఇచ్చిన కౌన్సెలర్‌కి తెలుగు రాదు. నాన్న చివరి రోజు మంచినీళ్లు అడిగితే డాక్టర్ వద్దన్నారని నేను ఇవ్వలేదు. ఆ ముక్క ఇంగ్లిష్‌లో చెబుతుంటే ఎవరిదో కేస్ షీట్ చదువుతున్నట్టు అనిపించింది. రెండు సెషన్లకే తెలుగు తెలిసిన క్లినికల్ సైకాలజిస్టుకి మారాను. క్లినికల్ సైకాలజిస్టులు పేరు నమోదు చేయించుకోవాల్సిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ఏమీ అనుకోకుండా చెప్పారావిడ.

ఇక డబ్బు. సెషన్‌కి 1,500, అంటే నెలకు 6,000. నా జీతంలో ఆరో వంతు. తగ్గుతుంది కదా అని 8 సెషన్ల ప్యాకేజీ కొన్నాను. పరీక్షల డ్యూటీలో రెండు తప్పిపోయాయి, గడువు దాటిందని ఆ డబ్బు మళ్లీ ఇవ్వలేదు. అందుకే ఏ వారానికి ఆ వారం యూపీఐలో కట్టడమే మేలంటాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనసు జబ్బుకీ ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలంటుంది. నా పాలసీ మాత్రం ఆసుపత్రిలో చేరితేనే. ఓపీడీ కవర్, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చుకి బీమా, లేదు కాబట్టి కౌన్సెలింగ్‌కి పైసా రాలేదు. మా ఆయన కంపెనీలో కుటుంబానికి ఏడాదికి ఆరు ఉచిత సెషన్లున్నాయని హెచ్ఆర్ పాత మెయిల్లో దొరికింది. వాళ్ల జాబితాలో మా సైకాలజిస్టు లేరు. ఆ ఆరూ ఆయనే వాడుకున్నారు, అది వేరే కథ.

ఒక రాత్రి రెండింటికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. ఆ రాత్రి గడిచింది. కాకపోతే వారం వారం ఒకే మనిషితో సాగే పని వేరు.

కూరగాయల దగ్గర రూపాయి వదలని నేను, ఫీజు భారంగా ఉందని చెప్పడానికి మూడు వారాలు నాన్చాను. చెప్పాక ఆవిడ, "కొంతమందికి తగ్గించి తీసుకుంటానండీ, అందులో ఒక చోటు ఖాళీగా ఉంది, 900 ఇవ్వండి" అన్నారు. ఇది మొదటి నెలే అడగాల్సింది.

దడ పోయింది. నిద్ర ఇంకా సగం సగమే. మొన్నటి నుంచి రెండు వారాలకోసారికి మార్చుకున్నాం, నెలకు 1,800. వాచ్‌మన్ మాత్రం ప్రతి బుధవారమూ ఎనిమిదింబావుకే గేటు తీసి ఉంచుతున్నాడు.